ఇంజన్ చల్లగా ఉండగా చూపించండి: బెంగళూరు సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారులకు బహిరంగ లేఖ

బెంగళూరులో వాడిన పెర్ఫార్మెన్స్ సెడాన్లు అమ్మే వ్యాపారులకు, కమీషన్ మీద అమ్మిపెట్టే మధ్యవర్తులకు, ‘అన్నీ చెక్ చేశాం’ అని రిపోర్టు చేతిలో పెట్టే ఇన్‌స్పెక్టర్లకు,

నమస్కారం. మీలో నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు కూడా. ఈ ఉత్తరం వాళ్లను నొప్పిస్తే ముందే క్షమించమంటున్నాను.

మాది నెల్లూరు జిల్లా. పద్నాలుగేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటి డిసెంబరులో మీలో ఒకరి దగ్గర ఒక జర్మన్ సెడాన్ కొన్నాను. మూడు లీటర్ల టర్బో పెట్రోల్, ఆరు సిలిండర్లు, నాలుగు చక్రాలకూ డ్రైవ్, 2021 మోడల్, తెలంగాణ రిజిస్ట్రేషన్. మీటరు మీద 38 వేల కిలోమీటర్లు. ధర 43 లక్షలు. అమ్మినాయన పేరు గానీ, యార్డు పేరు గానీ, కారు కంపెనీ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఆయనకు ఇప్పటికి మూడుసార్లు రాశాను. వాట్సాప్‌లో రాసినదానికి రెండు నీలం టిక్కులు వచ్చాయి. ఈమెయిల్‌కు ఏమీ రాలేదు. స్పీడ్ పోస్టులో పంపినదానికి ‘అందినది’ అని పోస్టాఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. జవాబు మాత్రం దేనికీ లేదు. అందుకే ఈసారి మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. ఆదివారం, పొద్దున పదిన్నర. కారును అప్పుడే కడిగి ఉంచారు, టైర్లకు నల్లగా పాలిష్ కొట్టారు. సేల్స్ కుర్రాడిది మదనపల్లి. నేను నాకొచ్చిన కన్నడంలో మొదలుపెడితే నవ్వి, “తెలుగులోనే మాట్లాడన్నా, మనోళ్లే కదా” అన్నాడు. అక్కడే సగం పడిపోయాను. బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. “ఏం, స్టార్ట్ చేశారా?” అంటే, “కడగడానికి బయటికి తీశామన్నా, రెండు నిమిషాలు” అన్నాడు. డిసెంబరు చలిలో రెండు నిమిషాలు తిరిగిన ఇంజన్ బానెట్ పైరేకు దాకా వేడి తేదని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆ ఎగ్జాస్ట్ శబ్దం వినాలని అప్పటికే ప్రాణం లాగుతోంది మరి. ఆ తప్పు నాది, ఎవరి మీదా తోయను.

రిపోర్టు ఇచ్చారు. రెండు వందల అంశాలు చూశారట. అన్నీ పచ్చ టిక్కులే. అద్దాలు దిగుతున్నాయి, హారన్ మోగుతోంది, సీటు కుట్లు బాగున్నాయి, కప్పు హోల్డర్ మూత పడుతోంది. గేర్‌బాక్స్ ఎదురుగా ఒకే మాట: ‘స్మూత్’.

ఐదు వారాలు హాయిగా నడిచింది. సంక్రాంతికి ఊరెళ్లి, అమ్మానాన్నలను ఎక్కించుకుని బెంగళూరు వస్తున్నాం. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కుతూ ఒక లారీని దాటుదామని గట్టిగా తొక్కాను. ఫట్‌మని శబ్దం, ఆ వెనకే ఉస్సుమని గాలి పోతున్న చప్పుడు. పూర్తి శక్తి అందదని స్క్రీన్ మీద హెచ్చరిక. నాలుగున్నర సెకన్లలో వంద అందుకుంటుందని చెప్పి అమ్మిన బండి, టమాటా లోడు లారీ వెనక ముప్పై స్పీడులో పాకింది. “ఏందబ్బయా, మంచి కారన్నావే” అన్నాడు నాన్న. అమ్మ ఏమీ అనలేదు. పైన హ్యాండిల్ పట్టుకుని పలమనేరు దాకా కళ్లు తెరవలేదు.

అక్కణ్ణుంచి ఫ్లాట్‌బెడ్ మీద బెంగళూరు చేరింది. ఇలాంటి బండ్లే చూసే ఒక ప్రైవేటు వర్క్‌షాప్‌లో పెద్ద మేస్త్రీ టార్చి వేసి చూపించాడు. టర్బో నుంచి ఇంజన్‌కు గాలి మోసే ప్లాస్టిక్ పైపు మెడ దగ్గర చిట్లింది. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచి నడిపిన బండ్లలో ముందుగా లొంగేది ఈ పైపే. టర్బో నుంచి పొగను వెనక్కి పంపే డౌన్‌పైప్ బోల్టుల మీద స్పానర్ గీతలు ఉన్నాయి, గ్యాస్కెట్ కొత్తది. అంటే ఒకసారి విప్పి వేరే పైపు పెట్టారు, అమ్మే ముందు మళ్లీ కంపెనీది బిగించారు. ఇంజన్ కంప్యూటర్ డబ్బాను కూడా ఎవరో తెరిచిన గుర్తులు ఉన్నాయి. “నాలుగు టైర్లు చూశారా సార్?” అన్నాడు. చూడలేదు. ముందు రెండూ 2021వి, వెనక రెండూ 2024వి, కంపెనీ కూడా వేరు.

వారం తర్వాత హైదరాబాద్ నుంచి ఫోను. ఆర్సీలో పేరున్న పెద్దాయన. బెంగళూరు చలాన్లు ఇంకా తన పేరు మీదే వస్తున్నాయని, పేరు ఎప్పుడు మారుస్తారని మర్యాదగానే అడిగారు. మాటల్లో నేను 38 వేల కిలోమీటర్ల సంగతి ఎత్తాను. అవతల కాసేపు మౌనం. “నేను అమ్మినప్పుడే డెబ్బై నాలుగు వేలు దాటింది కదయ్యా” అన్నారు. సర్వీసు బిల్లులు ఫొటో తీసి పంపారు. ప్రతి బిల్లు మీదా కిలోమీటర్లు ఉన్నాయి, చివరిదాని మీద 71,600.

మరమ్మతుకు ఇప్పటికి నాలుగు లక్షల పదివేలు పెట్టాను. ఇంకా అయిపోలేదు.

ఇలాంటి కార్లు కొనేది డబ్బున్నవాళ్లే కదా, నష్టపోతే ఏమవుతుందని మీలో కొందరు అనుకోవచ్చు. డబ్బున్నవాళ్లు షోరూముకు వెళ్లి కొత్తది కొంటారు. మీ యార్డుకు వచ్చేది మాలాంటివాళ్లం. పదేళ్లు ఆల్టో నడిపి, ఇంటి లోను ఒక దారికొచ్చాక, నలభై ఏళ్లు దాటేలోపు ఒక్కసారైనా మంచి ఇంజన్ నడపాలనుకునేవాళ్లం. కొత్తవి కొందామన్నా అందవు. 245 హార్స్‌పవర్ ఆక్టేవియా వీఆర్ఎస్ 2020లో దేశం మొత్తానికి తెచ్చింది 200 కార్లే. 2025లో వచ్చిన కొత్త ఆక్టేవియా ఆర్ఎస్ వంద మాత్రమే, ఎక్స్ షోరూం ధరే దాదాపు 50 లక్షలు. దాని మీద కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం, ఆ పన్ను మీద సెస్సు. అందుకే మేం పాతవాటి కోసం, పక్క రాష్ట్రం బండ్ల కోసం వెతుకుతాం. పాతబడితే కారు ధర తగ్గుతుంది గానీ దాని స్పేర్ పార్టుల ధర తగ్గదు. 60 లక్షల కారును 43కి కొన్నవాడు కూడా టర్బో మార్చాలంటే 60 లక్షల కారు టర్బో ధరే కట్టాలి. ఈ లెక్క మీకు తెలుసు, చాలామంది కొనేవాళ్లకు తెలియదు.

కాబట్టి, మీరు దాచినప్పుడు మాకు ఏం జరుగుతుందో, కొనేవాళ్లు ఎక్కడ చూడాలో వరసగా రాస్తున్నాను. కొనబోయేవాళ్లు కూడా చదువుతారని నా ఆశ.

1. చల్లటి ఇంజన్. రాత్రంతా ఆగిన ఇంజన్ పొద్దున మొదటి పది సెకన్లలో చెప్పే నిజం తర్వాత రోజంతా చెప్పదు. టైమింగ్ చైను సాగి ఉంటే, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ బలహీనపడి ఉంటే అప్పుడే గలగలమంటుంది. ఫోక్స్‌వాగన్ గ్రూపు రెండో తరం 1.8, 2.0 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజన్లలో ఈ టెన్షనర్ గొడవ, పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ తాగే గొడవ ప్రపంచమంతా తెలిసినవే. టర్బో సీళ్ల నుంచో వాల్వు సీళ్ల నుంచో ఆయిల్ కారుతుంటే మొదటి పొగ నీలంగా వస్తుంది. ఇంజన్ వేడెక్కితే ఆయిల్ అంతటా చేరి చప్పుడు సద్దుమణుగుతుంది. మీ కుర్రాళ్లు కొనేవాడు వచ్చే అరగంట ముందు బండి స్టార్ట్ చేసి ఉంచేది ఇందుకేనని నాకు ఇప్పుడు తెలుసు. కొనేవాళ్లకు ఒక మాట: ముందు రోజు ఫోను చేసి, “నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని చెప్పండి. వెళ్లాక బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి ఇంటికి వచ్చేయండి, ఇంకో రోజు వెళ్లండి. నాలా మొహమాటపడకండి.

2. మీటరు. 74 వేలు 38 వేలయితే పోయేది ధరలో తేడా ఒక్కటే కాదు. సర్వీసు లెక్కంతా తలకిందులవుతుంది. రెండు క్లచ్‌లుండే డైరెక్ట్ షిఫ్ట్ గేర్‌బాక్సుల్లో తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి తిరిగేది) ఉన్నవాటికి సాధారణంగా 60 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి. ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ ఆటోమేటిక్‌కు కొన్ని కార్ల కంపెనీలు ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అంటాయి గానీ, దాన్ని తయారుచేసిన జెడ్ఎఫ్ వాళ్లు 80 వేల నుంచి లక్షా 20 వేల మధ్య మార్చమంటారు. మీటరు 38 అంటే, నేను ఆ ఖర్చు రెండు మూడేళ్ల తర్వాత అనుకుంటాను. అప్పటికి గేర్‌బాక్సు లక్ష దాటి తిరిగి ఉంటుంది. గేర్‌బాక్స్ పోతే అది కార్లో సగం పోయినట్టే.

డ్యాష్‌బోర్డు అంకెను మార్చినా చాలా బండ్లలో అసలు అంకె ఇంకో రెండు చోట్ల మిగిలి ఉంటుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉండొచ్చు, కొన్ని కంపెనీల కార్లలో తాళంచెవిలోనూ ఉంటుంది. మంచి స్కానర్ ఉన్న వర్క్‌షాప్ చదివి చెబుతుంది. అది కుదరకపోతే సర్వీసు బిల్లులు అడగండి. ‘కంపెనీలోనే చేయించారు, రికార్డు ఉంది’ అనే నోటిమాట కాదు, కిలోమీటర్లు ముద్రించిన బిల్లులు. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు కూడా చూడండి. 38 వేలకు స్టీరింగ్ తోలు అద్దంలా మెరవదు. నాది మెరిసింది, పాలిష్ అనుకున్నాను.

3. ట్యూనింగ్. ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి శక్తి పెంచడం. మనలో చాలామందికి ఇది సరదా. స్టేజ్ వన్, స్టేజ్ టూ అంటారు, కొన్ని నిమిషాల్లో యాభై హార్స్‌పవర్ పెరుగుతుంది. పెంచుకున్నవాడిని నేను తప్పుపట్టను. అమ్మేటప్పుడు కంపెనీ ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి, ఏమీ జరగనట్టు అమ్మడాన్నే తప్పంటున్నాను. దాని దెబ్బ మూడు రకాలుగా పడుతుంది. ఎక్కువ ఒత్తిడికి అరిగిన టర్బో, పైపులు, క్లచ్‌లు మా దగ్గర తెగుతాయి. వారంటీ మిగిలి ఉందని చెప్పి అమ్ముతారు గానీ, ఫోక్స్‌వాగన్, ఆడి, స్కోడా కార్లలో కంపెనీ వాళ్లు మార్పు పట్టుకుంటే టీడీ1 అనే కోడు ఆ చాసిస్ నంబరు మీద పడుతుంది, ఇంజన్ వారంటీ అక్కడితో సరి. మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు, 182ఏ సెక్షను కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదంటే రెండూ. పట్టుబడేది మార్చినవాడు కాదు, ఆ రోజు ఆర్సీలో పేరున్నవాడు. ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిప్పికొట్టడానికి బీమా కంపెనీకి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

స్కానర్ పెట్టినప్పుడు తప్పు కోడ్లు లేవని సంబరపడొద్దు. కోడ్లు చెరిపేస్తే ఉండవు మరి. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగండి, ఎమిషన్ పరీక్షల వరసలో ‘రెడీ కాలేదు’ అన్నవి ఎన్ని ఉన్నాయో చూడండి. నిన్న సాయంత్రం చెరిపి ఉంటే అది అక్కడ కనబడుతుంది.

4. టైర్లు. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1421 అంటే 2021లో పద్నాలుగో వారంలో తయారైంది. ఇది అందరూ చెప్పేదే. చెప్పనిది ఇంకొకటి ఉంది. నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉన్న కార్లలో ముందు టైర్లు అరిగి వెనకవి కొత్తవైతే, రెండింటి చుట్టుకొలత తేడా వస్తుంది. ముందు వెనకలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఆ తేడాను సర్దడానికి ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. పాత ఓనరు గానీ మీరు గానీ వెనక రెండు టైర్లు చవగ్గా వేసి మిగిల్చిన డబ్బు, కొన్నవాడికి ట్రాన్స్‌ఫర్ కేసు బిల్లుగా వస్తుంది. నా నాలుగు లక్షల పదివేలలో పెద్ద ముక్క అదే. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనిస్తే బండి ఎగిరెగిరి పట్టుకున్నట్టు అవుతుంది. నాకు మొదటిరోజే అయింది. స్పోర్ట్స్ కారు కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

5. నీళ్లు. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు లేఅవుట్లలో ఖరీదైన కార్లు అద్దాల దాకా మునిగాయి. మేమంతా కళ్లారా చూశాం, ట్రాక్టర్లలో ఆఫీసుకు వెళ్లినవాళ్లం. చెన్నైలో 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు అదే కథ. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తుంది. బండి మాత్రం చెత్తలోకే పోదు. వేలంలో ఎవరో కొంటారు, ఎండబెడతారు, కార్పెట్లు మారుస్తారు, ఆర్సీ పాతదే. అది ఒకసారి మునిగిందని ఆర్సీ మీద ఎక్కడా ఉండదు.

మా ఆఫీసులో ఒక కుర్రాడు అలాంటిదాన్ని కొనబోయి తప్పించుకున్నాడు. వాళ్ల బాబాయి గూడూరులో మెకానిక్. వీడియో కాల్‌లో చూస్తూ, “సీటు బెల్టు చివరిదాకా లాగరా” అన్నాడట. చివరి జానెడులో గోధుమరంగు చార. కార్పెట్ మార్చినవాళ్లకు బెల్టు కడగాలని తోచలేదు. ఆధునిక కార్లలో కంప్యూటర్లు, వైర్ల కట్టలు సీట్ల కింద, కాళ్ల దగ్గరే ఉంటాయి. మునిగిన బండి ఆరు నెలల తర్వాత, సంవత్సరం తర్వాత ఒక్కో దీపం వెలిగిస్తూ చస్తుంది. కొనేవాడికి ఎక్కడ మొదలైందో కూడా అర్థం కాదు.

6. కాగితాలు. ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే మీలో చాలామంది దాక్కునేది ఇక్కడే. పార్క్ అండ్ సేల్ అంటారు. బండి మీ యార్డులో ఉంటుంది, బేరం మీతో, టోకెన్ అడ్వాన్సు మీకు, డెలివరీ ఫొటోలో పూలదండ కూడా మీదే. డబ్బు మాత్రం ‘ఓనరు ఖాతాలో వేయండి సార్’. బిల్లు ఉండదు. ఏదైనా తేడా వస్తే ‘మేం చూపించాం అంతే, అమ్మింది వాళ్లు’. బిల్లు ఇస్తే మీ లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, వినియోగదారుల కమిషన్‌లో మీ పేరు ప్రతివాదిగా వస్తుంది. బిల్లు లేకపోవడంలో మీకున్న సుఖం అది. అందువల్ల మాకు వచ్చేదేమిటంటే, 43 లక్షలు పెట్టినవాడికి వెళ్లి అడగడానికి గుమ్మమే ఉండదు. నేను మాత్రం అడ్వాన్సు రసీదు మీద మీవాడి స్టాంపు వేయించుకున్నాను, అదృష్టం.

నిజానికి మీ వ్యాపారానికి చట్టం వచ్చి చాలాకాలమైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి వాడిన బండ్లు అమ్మే డీలరు రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర ఐదేళ్లకు చెల్లే అధీకృత సర్టిఫికెట్ తీసుకోవాలి. ఓనరు బండి అప్పగించినట్టు తెలియజేసిన రోజు నుంచి దానికి డీలరే ఓనరు కింద లెక్క. ఆ బండి ఎందుకు బయటికి వెళ్లింది, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు అన్నది ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. మీ గోడ మీద ఆ సర్టిఫికెట్ ఎంతమందికి ఉంది? ఆ రిజిస్టరు ఉండి ఉంటే నా బండి మీటరు ఏ వారం వెనక్కి తిరిగిందో ఒక పేజీలో తేలిపోయేది.

పేరు మార్పు సంగతి కూడా. అదే రాష్ట్రం బండయితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. వేరే రాష్ట్రం బండయితే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని పాత ఆర్టీఓ ఇచ్చే పత్రం), బ్యాంకు లోను ఉంటే హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) తీసేసిన కాగితం. ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అని నాకు చెప్పింది మీవాడే. ఆర్సీలో పేరు ఎవరిదైతే ప్రమాదం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అంటే ఇన్నాళ్లూ నేను నడిపిన ప్రతి కిలోమీటరుకూ హైదరాబాద్‌లో ఒక పెద్దాయన జవాబుదారీగా కూర్చున్నాడు. బీమా పేరు 14 రోజుల్లో మార్పించకపోతే సొంత బండి నష్టానికి నాకూ రూపాయి రాదు. పక్క రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటితే మళ్లీ రిజిస్టర్ చేయించాలి, జీవితకాల పన్ను లక్షల్లో ఉంటుంది. పాత రాష్ట్రంలో కట్టినదాంట్లో మిగిలింది వాపసు అడగొచ్చు గానీ, ముందు ఇక్కడ కట్టాక. 2025 ఫిబ్రవరిలో ఈ ఊళ్లో పన్ను కట్టని ఖరీదైన కార్లను 30 దాకా ఒకేసారి పట్టుకున్నారు. జులైలో మహారాష్ట్ర నంబరున్న ఒక ఫెరారీకి కోటీ 40 లక్షలకు పైగా కట్టించారు. ఫెరారీ ఆయన కట్టగలడు. మేం పన్ను కలపని ధర చూసి ‘చవగ్గా వచ్చింది’ అని ఊరంతా చెప్పుకుంటాం.

7. బ్రేకు డిస్కుకు ఎంత మందం దాకా వాడొచ్చో దాని మీదే అచ్చు పోసి ఉంటుంది. కొలిచి చూడండి. రెండో తాళంచెవి లేదంటే ఎందుకు లేదో అడగండి.

ఇక మిమ్మల్ని కోరేవి. వీటిలో మీకు కొత్త యంత్రం గానీ కొత్త మనిషి గానీ కావలసింది ఏదీ లేదు.

ఒకటి, ముందు చెప్పి వచ్చిన కొనుగోలుదారుకు బండి చల్లగా ఉండగానే చూపించండి. స్టార్ట్ చేసి ఉంటే, చేశామని చెప్పండి.

రెండు, ఆ రెండు వందల అంశాల రిపోర్టులో అద్దాల మోటార్లు తీసేసైనా సరే, ఈ ఆరూ చేర్చండి: గేర్‌బాక్స్ కంప్యూటర్‌లోని కిలోమీటర్లు, కోడ్లు చెరిపాక తిరిగిన దూరం, నాలుగు టైర్ల తేదీలు, అరుగుదల కొలతలు, పెయింటు మందం ప్యానెల్ ప్యానెల్‌కూ, ట్యూనింగ్ గుర్తులు ఉన్నాయా లేదా. కింద ఇన్‌స్పెక్టరు పేరు, సంతకం. ‘స్మూత్’ అనే మాట కొలత కాదు.

మూడు, పార్క్ అండ్ సేల్ అయినా సరే, మీ జీఎస్టీ నంబరుతో, మీటరు అంకెతో, ‘ఈ బండి మునగలేదు, పూర్తి నష్టం కింద క్లెయిమ్ కాలేదు, మా ఎరుకలో మార్పులు లేవు’ అని రాసిన కాగితం ఇవ్వండి. తెలియకపోతే ‘తెలియదు’ అని రాయండి. అదీ పనికొస్తుంది. ధర ఎంత తగ్గించాలో మేం చూసుకుంటాం.

నాలుగు, ఎన్‌ఓసీ, పేరు మార్పు, బీమా మార్పు పూర్తయ్యేదాకా ధరలో పదో వంతు మా దగ్గరే ఉండనివ్వండి. మొత్తం చేతికందాక ‘వచ్చే వారం సార్’ అని ఎన్ని వారాలు వినాలో నేను లెక్కపెట్టాను. పదిహేడు.

రవాణా శాఖకూ ఒక విన్నపం. బీమా కంపెనీ పూర్తి నష్టంగా తేల్చిన ప్రతి బండికీ వాహన్ (ప్రభుత్వ ఆన్‌లైన్ వాహన రిజిస్ట్రేషన్) రికార్డులో ఆ మాట కనబడేలా చేయండి. సర్వీసు సెంటర్లు, బీమా సర్వేయర్లు ఎలాగూ కిలోమీటర్లు రాసుకుంటున్నారు. ఆ అంకె కూడా అక్కడికి చేరితే మీటరు వెనక్కి తిప్పేవాడికి పని ఉండదు.

ఇక నా సంగతి. కొన్న ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు, రెండేళ్ల గడువు ఉంది. అడ్వాన్సు రసీదు, పచ్చ టిక్కుల రిపోర్టు, హైదరాబాద్ బిల్లులు, స్కానర్ ప్రింటు అన్నీ ఫైలులో పెట్టాను. ఈ ఉత్తరం మీకు చేరిన 30 రోజుల్లో అమ్మినాయన నాతో మాట్లాడితే ఆ ఫైలు బీరువాలోనే ఉంటుంది. లేకపోతే లాయరు దగ్గరికి వెళ్తుంది.

కారు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కవరు కింద ఉంది. ఆయన గానీ, ఆయన పంపిన మనిషి గానీ ఏ పొద్దునైనా వచ్చి చూసుకోవచ్చు. స్టార్ట్ చేసి ఉంచను.

ఇట్లు,
మీ దగ్గర కారు కొన్న ఒక నెల్లూరువాడు,
మారతహళ్లి, బెంగళూరు